పద్నాలుగు గుండ్ల గొలుసు

ఒక బరువుని రెండు తాళ్ళకి వేలాడదీసి, ఒక్కో తాడులో టెన్షన్ ఎంత అని అడిగే లెక్క ఇంటర్‌లో అందరం చేసే ఉంటాం. బాణం గుర్తులు గీస్తాం, ఒక సైన్, ఒక కాస్ రాస్తాం, ఆన్సర్ వచ్చేస్తుంది. ఈ లెక్కకి దారి వేసినవాళ్ళలో ఒకడు సైమన్ స్టెవిన్. న్యూటన్ పుట్టక ముందే చనిపోయాడు.

స్టెవిన్ 1548లో బ్రూజ్ నగరంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు బెల్జియంలో ఉంది. మొదట ఆంట్‌వెర్ప్‌లో పద్దులు రాశాడు, తర్వాత బ్రూజ్‌లో పన్నుల ఆఫీసు గుమాస్తాగా చేశాడు. 1581లో లైడెన్ వెళ్ళి, 1583లో అక్కడి యూనివర్సిటీలో చేరాడు. అప్పటికి అతనికి దాదాపు 35 ఏళ్ళు. ఇరవై రెండుకే లేటైపోయామని కంగారుపడే మనకి ఇది కొంచెం ధైర్యం!

1585లో దశాంశ భిన్నాల మీద ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. ఆ మరుసటి ఏడాదే బరువుల శాస్త్రం మీద అసలు పుస్తకం వచ్చింది. అందులో ఒక బొమ్మ ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఒక త్రిభుజం ఊహించుకోండి. అడుగు భాగం నేలకి సమాంతరంగా ఉంది. పైన రెండు వాలు బల్లలు, ఒకటి రెండోదానికి రెట్టింపు పొడవు. సమాన దూరంలో గుచ్చిన పద్నాలుగు ఒకే రకం గుండ్ల గొలుసుని దాని మీద దండలా వేశాడు. పొడుగు వాలు మీద నాలుగు గుండ్లు, పొట్టి వాలు మీద రెండు, మిగతా ఎనిమిది కింద వేలాడుతున్నాయి. మరి నాలుగు గుండ్లు కలిసి రెండిటిని లాగేయవా?

లాగేస్తాయనే అనుకుందాం. గొలుసు ఒక గుండు మేర జరిగింది. ఇప్పుడు చూస్తే మళ్ళీ అదే బొమ్మ: నాలుగు, రెండు, ఎనిమిది. అంటే మళ్ళీ జరగాలి, ఇలా ఎప్పటికీ తిరుగుతూనే ఉండాలి. అది జరిగే పని కాదు. కాబట్టి గొలుసు కదలదు. కింది ఎనిమిది రెండు వైపులా సమానంగానే లాగుతాయి కనుక వాటిని తీసేసినా తేడా రాదు. నాలుగు గుండ్లని రెండే ఆపుతున్నాయి! ఎత్తు అంతే ఉండి వాలు పొడవు రెట్టింపైతే, అదే బరువుని ఆపడానికి సగం బలం చాలు. ఒక్క సైన్ కూడా వాడలేదు.

ఇక్కడినుంచి తాళ్ళ లెక్క ఎంతో దూరం లేదు. నాకు అర్థమైనట్టు చెప్తాను. వాలు మీద ఉన్న వస్తువుని ఒక తాడు పైకి లాగుతోంది, బల్ల దాన్ని లంబంగా తోస్తోంది. బల్ల తీసేసి, అది తోసే దిక్కులోనే అంతే బలంతో రెండో తాడు లాగితే వస్తువుకి తేడా తెలియదు. మన రెండు తాళ్ళ లెక్క వచ్చేసింది. 1605, 1608 మధ్య అచ్చయిన పెద్ద గ్రంథంలో స్టెవిన్ తాళ్ళకి వేలాడే బరువుల మీద విడిగా రాశాడు.

ఇదంతా రాసింది డచ్‌లో. అప్పటి పండితులు శాస్త్రం రాస్తే ఎక్కువగా లాటిన్‌లో రాసేవాళ్ళు. స్టెవిన్‌కి లాటిన్ రాక కాదు. పని చేసే చేతులకి లెక్క అందాలన్నది అతని పట్టుదల. మాటలు లేనిచోట పుట్టించాడు. గణితానికి యూరప్‌లో చాలా భాషలు గ్రీకు మాటే వాడతాయి. డచ్‌వాళ్ళు మాత్రం ఇప్పటికీ స్టెవిన్ చేసిన మాట నుంచి వచ్చిందే వాడతారు. కచ్చితంగా తెలిసినదాని విద్య అని దాని భావం.

తర్వాత యువరాజు మారిస్‌కి లెక్కలు నేర్పాడు, కోటలు, నీటి పనులు చూశాడు. సముద్రపు ఒడ్డున ఇసుక మీద తెరచాపతో పరిగెత్తే బండి కట్టి, యువరాజుని, అతిథుల్ని ఎక్కించాడు. 1600లో లైడెన్‌లో ఇంజనీర్లకి ఒక స్కూలు పెట్టినప్పుడు పాఠ్యక్రమం రాసిందీ అతనే. పాఠాలు డచ్‌లోనే చెప్పాలన్నది నియమం. 1620లో చనిపోయాడు.

నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. టెన్షన్‌ని తెలుగు పుస్తకాల్లో తన్యత అంటారని ఈమధ్యే తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు టెన్షన్ కన్నా కష్టంగా ఉంది. మా తాతయ్యకైతే రెండూ అర్థం కావు. కానీ తాడు ఎంత గట్టిగా లాగుతోందో అని అడిగితే ఆయన వెంటనే చేత్తో చూపిస్తారు. స్టెవిన్ మాటలు వెతికింది ఆ చేతుల దగ్గరేనని నా అనుకోలు. మనం కోడ్ రాస్తాం, యాప్‌లు చేస్తాం. అందులో ఒక్క విషయమైనా ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలమా అన్నదే అతను మనకి వదిలిన లెక్క.