ఓడ తెలిసిన చేతులు – జేమ్స్ ఫోర్టెన్ జీవితం

విదేశాలలో పడవలు, ఓడలు అమ్మిపెట్టే వ్యాపారులు తాము ఎన్నేళ్ళు నీటి మీద తిరిగారో ముందుగా చెప్పుకుంటారు. ఓడెక్కని వాడి మాట కొనేవాడు నమ్మడు. ఈ నమ్మకమే పెట్టుబడిగా, బానిసత్వం రాజ్యమేలుతున్న రోజుల్లో ఒక నల్లజాతి బాలుడు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పేరుమోసిన ఓడ తెరచాపల వ్యాపారిగా ఎదిగాడు. ఆయనే జేమ్స్ ఫోర్టెన్.

ఫోర్టెన్ 1766 సెప్టెంబర్ 2న ఫిలడెల్ఫియాలో జన్మించారు. తల్లిదండ్రులు బానిసలు కారు, స్వేచ్ఛ గల నల్లవారు. తండ్రి థామస్, రాబర్ట్ బ్రిడ్జెస్ అనే తెల్లవాని తెరచాపల కార్ఖానాలో పనిచేసేవారు. ఫోర్టెన్‌కు ఏడేళ్ళ వయసులోనే తండ్రి మరణించారు. ఆంథోనీ బెనెజెట్ అనే దయామయుడు నల్లపిల్లల కోసం నడిపిన పాఠశాలలో కొంతకాలం చదివి, ఇల్లు గడవక తొమ్మిదేళ్ళకే బడి మానేసి పనిలో చేరవలసి వచ్చింది.

1781లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 14 ఏళ్ళ ఫోర్టెన్ 'రాయల్ లూయిస్' అనే ఓడలో చేరారు. ఫిరంగులకు మందు అందించడం ఆయన పని. కొద్దికాలానికే ఆ ఓడ బ్రిటిష్ వారికి చిక్కింది. పట్టుబడిన నల్లవారిని వెస్టిండీస్‌లో బానిసలుగా అమ్మివేయడం అప్పట్లో మామూలే. అయితే బ్రిటిష్ కెప్టెన్ కుమారుడు గోలీల ఆటలో ఫోర్టెన్‌కు స్నేహితుడయ్యాడు. ఇంగ్లండు వస్తే చదువు చెప్పిస్తామని కెప్టెన్ ఆశ చూపారు. తన దేశానికి ద్రోహం చేయలేనని ఫోర్టెన్ నిరాకరించారు. అప్పుడు ఆయనను అమ్మివేయకుండా, న్యూయార్క్ వద్ద లంగరు వేసిన 'జెర్సీ' అనే జైలు ఓడకు పంపారు.

ఆ ఓడ నరకం. కుళ్ళిన తిండి, రోగాలు, ప్రతి ఉదయం శవాలు. ఒకసారి విడుదలవుతున్న ఒక అధికారి పెట్టెలో దాక్కుని బయటపడే అవకాశం ఫోర్టెన్‌కు వచ్చింది. ఆయన తనకన్నా చిన్నవాడైన ఒక తెల్లకుర్రవాడిని ఆ పెట్టెలో పెట్టి పంపి, తాను ఉండిపోయారు. సుమారు ఏడు నెలల తర్వాత విడుదలై, కాళ్ళకు చెప్పులు లేకుండా నడిచి ఇల్లు చేరారు. ఆ కుర్రవాడు జీవితాంతం ఆయనకు మిత్రుడయ్యాడు.

1784లో ఫోర్టెన్ ఓడెక్కి లండన్ వెళ్ళి, సుమారు ఏడాది అక్కడ పనిచేసి వచ్చారు. ఆ తరువాత తండ్రి పనిచేసిన కార్ఖానాలోనే పని నేర్చుకోవడానికి చేరారు. తెరచాప కుట్టడం తేలిక పని కాదు. మేడమీద విశాలమైన నేలపై చాప ఆకారాన్ని నిండు కొలతలతో గీయాలి. మందపాటి కాన్వాస్ గుడ్డను పట్టీలుగా కోసి, మైనం పూసిన దారంతో, అరచేతికి తోలు తొడుగు వేసుకుని, దబ్బనంతో కుట్టాలి. అంచుల చుట్టూ తాడు బిగించాలి. గాలికి చాప ఎంత ఉబ్బాలో కత్తిరింపులోనే తేలిపోతుంది. అది తప్పితే ఓడ సరిగా నడవదు, తుఫానులో చాప చినిగితే ప్రాణాలకే ముప్పు. నడిసముద్రంలో చాప ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూసిన ఫోర్టెన్‌కు ఈ విద్య తొందరగా పట్టుబడింది. 20 ఏళ్ళకే మేస్త్రీ అయ్యారు. 1798లో బ్రిడ్జెస్ విరమించుకున్నప్పుడు కార్ఖానాను తానే కొన్నారు. ఓడల యజమానులు చేజారిపోలేదు. నల్లవారు, తెల్లవారు కలిపి ముప్పై మందికి పైగా ఆయన వద్ద ఒకే చోట పనిచేశారు. ఆస్తి లక్ష డాలర్లు దాటిందని చెబుతారు. నదిలో మునిగిపోతున్న వారిని పలుమార్లు కాపాడినందుకు 1821లో ఆయనకు ప్రశంసాపత్రం కూడా లభించింది.

సంపాదించినదానిని ఆయన తన జాతి కోసం ఖర్చు చేశారు. 1813లో నల్లవారి రాకను అడ్డుకునే బిల్లు పెన్సిల్వేనియా శాసనసభ ముందుకు వచ్చినప్పుడు, దానిని ఖండిస్తూ లేఖలు ప్రచురించారు. ఆ బిల్లు చట్టం కాలేదు. స్వేచ్ఛ పొందిన నల్లవారిని ఆఫ్రికాకు పంపాలన్న ఆలోచన వచ్చినప్పుడు, నల్లజాతి ఓడల యజమాని పాల్ కఫీతో స్నేహం వల్ల ఫోర్టెన్ మొదట దానివైపు మొగ్గారు. కానీ 1817లో బెథెల్ చర్చిలో చేరిన సుమారు మూడువేల మంది ముక్తకంఠంతో కాదన్నారు. నాయకుడిగా ఉండి కూడా ఆయన ప్రజల మాటకు తల వంచి, తన అభిప్రాయం మార్చుకున్నారు. 1831లో బానిసత్వ వ్యతిరేక పత్రిక 'లిబరేటర్' ప్రారంభమైనప్పుడు డబ్బిచ్చి, చందాదారులను చేర్పించి నిలబెట్టారు. ఆయన భార్య, కుమార్తెలు కూడా ఈ ఉద్యమంలో పనిచేశారు.

ఇంత చేసినా ఒక లోటు మిగిలిపోయింది. 1822 ఎన్నికలలో తన వద్ద పనిచేసే 15 మంది తెల్లవారిచేత ఒక అభ్యర్థికి ఓటు వేయించారు. తాను మాత్రం వేయలేకపోయారు. ఆ నగరంలో నల్లవారు ఓటు వేయబోతే దాడులు తప్పేవి కావు. 1838లో రాష్ట్ర కొత్త రాజ్యాంగం ఓటు హక్కును తెల్లవారికే పరిమితం చేసింది. దేశం కోసం జైలు ఓడలో మగ్గిన మనిషి ఓటు లేకుండానే 1842 మార్చి 4న కన్నుమూశారు. అంతిమయాత్రలో వేలమంది నల్లవారు, తెల్లవారు కలిసి నడిచారు.

సోదరులారా! తండ్రి లేని బాల్యం, మధ్యలో ఆగిన చదువు మనలో చాలామందికి కొత్త కాదు. చేతిపనిని చిన్నచూపు చూడరాదని, పని పూర్తిగా తెలిసినవానిని లోకం కాదనలేదని ఫోర్టెన్ జీవితం చెబుతుంది. డబ్బు ఒక్కటే గౌరవాన్ని ఇవ్వదని కూడా చెబుతుంది. ఆయన కోరి పొందలేని ఓటును బాబాసాహెబ్ అంబేద్కర్ సారథ్యంలో రూపొందిన రాజ్యాంగం మనకు ఇచ్చింది. దాని విలువ తెలుసుకుందాం. పెట్టెలో ఒక్కరికే చోటు ఉన్నప్పుడు తమ్ముడిని ముందు పంపగలిగే మనసును ఈ హాస్టల్ నుంచి తీసుకువెళదాం.