పాల్ హారిస్ : ఒంటరితనమునుండి పొరుగువాని సేవకు



డిసెంబరు మాసము వచ్చినది. ధాన్యము ఇల్లు చేరు దినములివి. మన గుడులలో కోతకాలపు అర్పణలు, క్రిస్మస్ చందాలు పోగుచేయు దినములును ఇవియే. ఈ చలికాలములోనే పట్టణములనుండి రోటరీ సంఘములవారు, లయన్స్ సంఘములవారు మన పల్లెలకు వచ్చి బీదలకు దుప్పట్లు పంచుదురు, ఆసుపత్రులలో రోగులకు పండ్లు ఇత్తురు, కంటి వైద్య శిబిరములు పెట్టుదురు. వీరెవరు, ఎందుకు వచ్చుచున్నారు, వీరికి ఈ పని ఎవరు నేర్పిరి అని మన పెద్దలు అడుగుచుందురు. కాబట్టి ఇట్టి సేవా సంఘములలో మొదటిదానిని స్థాపించిన పాల్ హారిస్ అను అమెరికా దేశస్థుని జీవితమును ఈ నెల చెప్పదలచితిమి. ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని అందులో నేర్చుకొనవలసినది కలదు.

పాల్ హారిస్ 1868వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రములోని రసీన్ పట్టణములో జన్మించెను. తండ్రి జార్జి వ్యాపారములో నష్టపడి కుటుంబమును పోషింపలేకపోయెను. 1871లో మూడేండ్ల పాల్‌ను, అతని అన్న సెసిల్‌ను దూరముననున్న వెర్మాంట్ రాష్ట్రములోని వాలింగ్‌ఫర్డ్ అను చిన్న ఊరికి తీసికొనిపోయి తాత అవ్వల యింట విడిచిరి. ఆ యిల్లు కలిగిన యిల్లు కాకపోయినను క్రమముగల యిల్లు. తాత మితభాషి, కష్టజీవి. తన కొరకు ఒక కాసైనను వృథా చేయడు గాని, అప్పులపాలైన కుమారునికి మాత్రము మరల మరల సహాయము చేయుచుండెను. ఎవని మతమునైనను కులమునైనను దూషించు మాట ఆ యింట వినబడలేదని పాల్ పెద్దవాడైన తరువాత వ్రాసియున్నాడు. ఊరిలో అందరు అందరిని ఎరుగుదురు. ఒకని యింట రోగము వచ్చిన ఇరుగుపొరుగువారు పిలువకయే వచ్చుదురు. మన పల్లెలలోనివారికి ఇది వింతగా తోచదు. గాని ఈ సంగతిని గుర్తుంచుకొనుడి, ఆయన జీవితకాలపు పనికి విత్తనము ఇదియే.

బాలుడు సాధువైనవాడు కాడు. పెంకితనమునకు పేరుపొందెను. వెర్మాంట్ విశ్వవిద్యాలయమునుండి వెళ్లగొట్టబడెను. తరువాత ప్రిన్స్‌టన్‌లో చదువుచుండగా 1888లో తాత మరణించెను. తుదకు అయోవా విశ్వవిద్యాలయములో 1891లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. అయితే వెంటనే వకీలు పనిలో దిగక, అయిదేండ్లు లోకము చూచి వచ్చెదనని బయలుదేరెను. పత్రికా విలేఖరిగాను, ఎండుద్రాక్ష సిద్ధపరచు చోట కూలివానిగాను, ఉపాధ్యాయునిగాను, నాటకములలో నటునిగాను, గుఱ్ఱమెక్కి పశువుల మందలను కాచువానిగాను, హోటలులో రాత్రి గుమాస్తాగాను, చలువరాయి అమ్మువానిగాను బ్రతికెను. పశువులను ఇంగ్లాండునకు తీసికొనిపోవు ఓడలో పనివానిగా సముద్రము దాటెను. ఆకలియు, అలసటయు, కూలివాని పడకయు ఎట్టివో ఆయన పుస్తకములలో గాక ఒంటిమీదనే నేర్చుకొనెను.

1896లో పాల్ చికాగో నగరములో వకీలుగా స్థిరపడెను. పగలంతయు జనసమూహముల మధ్య తిరిగినను ఆయనకు స్నేహితుడు లేడు. ఆదివారములును పండుగ దినములును ఆయనకు మిక్కిలి భారమైన దినములు. ఆదివారమున ఒక్కొక్కసారి ఒక్కొక్క గుడికి పోయి కూర్చుండి వచ్చుచుండెను. సెలవు దినమున తోటలలో ఒంటరిగా నడచుచుండెను. నేడు పొట్టకూటికై హైదరాబాదునకు, బొంబాయికి, గల్ఫ్ దేశములకు పోయిన మన బిడ్డలు పండుగ దినమున ఎట్లుందురో తలంచుకొన్నచో ఆయన స్థితి మనకు తెలియును.

1900లో ఒక సాయంకాలము తోటి వకీలు ఒకడు ఆయనను భోజనమునకు పిలిచెను. భోజనమైన తరువాత ఇద్దరు ఆ పేటలో నడచుచుండగా, ప్రతి అంగడివాడును ఆ వకీలును పేరుపెట్టి పలుకరించెను. పాల్‌కు తాతగారి ఊరు జ్ఞాపకము వచ్చెను. అంత పెద్ద నగరములో సైతము ఒక పల్లెను కట్టుకొనవచ్చునుగదా అని తలంచెను. ఆ తలంపు కార్యరూపము దాల్చుటకు అయిదేండ్లు పట్టెను.

1905 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి యూనిటీ బిల్డింగులో 711వ గదిలో నలుగురు కూడిరి. గస్టావస్ లోర్ గనుల ఇంజనీరు, ఆ గది ఆయన కార్యాలయమే. సిల్వెస్టర్ షీల్ బొగ్గుల వర్తకుడు. హిరామ్ షోరీ దర్జీ. నాలుగవవాడు పాల్. ఒక్కొక్క వృత్తినుండి ఒక్కనిని మాత్రమే చేర్చుకొనవలెననియు, వంతుల ప్రకారము ఒక్కొక్కరి పనిచోట కూడుకొనవలెననియు నిర్ణయించుకొనిరి. ఇట్లు వంతు తిరుగుచుండుటచేతనే సంఘమునకు రోటరీ అను పేరు వచ్చెను. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనిరి. హ్యారీ రగ్గుల్స్ అను ముద్రాపకుడు వచ్చి పాటలు పాడుట నేర్పెను. ఆ సంవత్సరాంతమునకు వారు 30 మందియైరి. పాల్ తాను అధ్యక్షుడు కాక షీల్‌ను అధ్యక్షునిగా చేసెను.

ఇంతవరకు సంతోషమే. గాని ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. ఆ సంఘము మొదట ఎవరి మేలుకొరకు ఉండెను? తమ మేలుకొరకే. బొగ్గు కావలసినవాడు షీల్‌యొద్ద కొనవలెను, బట్టలు కావలసినవాడు షోరీయొద్ద కుట్టించుకొనవలెను. ఎవరు ఎవరికి ఎంత వ్యాపారము ఇచ్చిరో లెక్కవ్రాయుటకు ఒకనిని నియమించిరి. స్నేహమున్నది, పాటలున్నవి, భోజనమున్నది, లాభమున్నది. తలుపు వెలుపలనున్నవానికి మాత్రము ఏమియు లేదు.

1906లో డొనాల్డ్ కార్టర్ అను వకీలును సంఘములో చేరుమని అడిగిరి. ఆయన నియమములు చదివి, చేరనని చెప్పెను. తమ సభ్యులకు తప్ప మరెవరికిని మేలు చేయని సంఘము ఎక్కువ కాలము నిలువదని ఆయన అభిప్రాయము. ఇట్టి మాట వినినప్పుడు కోపపడి తలుపు వేసికొనువారే లోకములో ఎక్కువ. వీరు అట్లు చేయలేదు. ఆయనచేతనే నగరపు మేలునుగూర్చిన క్రొత్త నియమమును వ్రాయించుకొని ఆయనను చేర్చుకొనిరి. పాల్ ఆ మాటను గట్టిగా పట్టుకొనెను. సేవా సంఘములు పుట్టినది ఆ నిరాకరణమునుండియే అని మేము తలంచుచున్నాము.

1907లో పాల్ అధ్యక్షుడాయెను. మొదట ఏ సేవ చేయవలెను? మనమైతే దుప్పట్లు పంచుదుము. వారు మరుగుదొడ్లు కట్టింపబూనిరి. ఆ దినములలో చికాగోకు పనిమీద వచ్చిన బీదవాడు కాలకృత్యము తీర్చుకొనవలెనన్న సారాయి అంగడికి పోవలెను, స్త్రీ అయినచో పెద్ద దుకాణమునకు పోవలెను. రెండు చోట్లను ఏదైన కొనవలసివచ్చును. నగరసభవారు నడిబొడ్డున అందరికి ఉచితముగా మరుగుదొడ్లు కట్టింపవలెనని పాల్ ఇతర సంఘములను కూడగట్టెను. సారాయి వర్తకులు ఎదురు తిరిగిరి, పెద్ద దుకాణములవారు ఎదురు తిరిగిరి. జనులు తమ గుమ్మము తొక్కుట మానుదురేమోయని వారి భయము. రెండేండ్లు పట్టుదలతో పనిచేసి తుదకు నగరసభచేత ఒప్పించిరి.

సోదరులారా, ఈ దానమును కొంచెము పరీక్షించి చూడుడి. దుప్పటి ఇచ్చినచో పుచ్చుకొన్నవాడు చేతులు జోడించి మ్రొక్కును. మరుగుదొడ్డి కట్టించినవానికి ఎవడు మ్రొక్కును? దానిని వాడుకొను పరదేశికి కట్టించినవాని పేరే తెలియదు. గాని ఆ అక్కర నిజమైన అక్కర. ఎవని యక్కర ఎట్టిదో చూచి, దాని కొరకు రెండేండ్లు తగవులాడుట ఒక దినము పంచిపెట్టుటకంటె కష్టము. మంచి సమరయుడు సహితము గాయములు కట్టి విడువక, పూటకూళ్లవాని యింటి ఖర్చు సంగతి కూడ చూచుకొనెను గదా.

తరువాత సంఘము వ్యాపించెను. 1908లో శాన్ ఫ్రాన్సిస్కోలో రెండవ సంఘము ఏర్పడెను. ఇట్లు వ్యాపించుట చికాగోలోని కొందరికి రుచింపలేదు. స్నేహము పలుచనగునని వారి వాదన. పాల్ వినలేదు. 1910లో 16 సంఘములు ఏకమాయెను. 1919లో కలకత్తాలో మన దేశపు మొదటి రోటరీ సంఘము స్థాపింపబడెను. ఇతరులును ఈ మార్గము పట్టిరి. 1917లో చికాగోలోనే మెల్విన్ జోన్స్ అను భీమా వ్యాపారి లయన్స్ సంఘమును సమకూర్చెను. చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ మహాసభ యెదుట నిలిచి గ్రుడ్డివారి పక్షమున వేడుకొనెను. నాటినుండి కంటి సేవ వారి ముఖ్య సేవ ఆయెను. మన ముసలివారి కంటి శుక్లములు తీయించు శిబిరములకు వేరు అక్కడ ఉన్నది.

ఒహాయో రాష్ట్రములోని ఎలీరియా ఊరివాడైన ఎడ్గార్ అలెన్ సంగతియు చెప్పవలెను. 1907లో జరిగిన ట్రాముబండి ప్రమాదములో ఆయన కుమారుడు మరణించెను. ఊరిలో తగిన ఆసుపత్రి లేదు. ఆయన తన వ్యాపారము మాని, చందాలు పోగుచేసి 1908లో ఆసుపత్రి తెరిపించెను. అటుపిమ్మట కాలుచేతులు వంకరపోయి ఇండ్లలో దాచబడిన పిల్లలను వెదకి వైద్యము చేయింప మొదలిడెను. రోటరీ సంఘములవారు ఆయనకు తోడైరి. 1919లో ఆ రాష్ట్రమంతటికి, 1921లో దేశమంతటికి అట్టి పిల్లల కొరకు సంఘములు ఏర్పడెను. పాల్ ఆ దేశ సంఘపు నిర్వాహక సభకు అధ్యక్షుడుగా పనిచేసెను.

పాల్ 1910లో జీన్ థామ్సన్ అను స్కాట్లాండు దేశపు స్త్రీని వివాహమాడెను. ఒక నడక ప్రయాణములో ఆయన కోటు చినుగగా, కుట్టిపెట్టెదనని ఆమె ముందుకు వచ్చుటచే వారి పరిచయము కలిగెను. వారికి సంతానము లేదు. ఇద్దరు కలిసి అనేక దేశములు తిరిగి, పోయినచోటనెల్ల స్నేహ చిహ్నముగా మొక్కలు నాటిరి. అయినను ఆయన పనిలో కొరతలు లేవని చెప్పరాదు. ఆయన జీవితకాలమంతయు ఆ సంఘములలో స్త్రీలకు సభ్యత్వము లేదు. అది 1989లో గాని అన్ని దేశములలో కలుగలేదు. తలుపు తెరచుట నేర్చినవారు సహితము ఇంకొక తలుపు మూసియుంచిరి. మన సంఘ కమిటీలు ఈ మాటను ఆలోచించునుగాక.

1917లో ఆర్చి క్లంఫ్ అను రోటరీ పెద్ద, లోకములో మేలు చేయుటకు ఒక నిధి కావలెనని చెప్పెను. దానికి వచ్చిన మొదటి చందా 26 డాలర్ల 50 సెంట్లు మాత్రమే. అదియు ఒక మహాసభ ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము. చాల యేండ్లు ఆ నిధి బక్కచిక్కియే యుండెను. 1947 జనవరి 27న పాల్ 78 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. తన సమాధిమీద పువ్వులు పెట్టుటకు మారుగా ఆ నిధికి చందాలు ఇయ్యవలెనని ఆయన కోరియుండెను. 18 నెలలలో 13 లక్షల డాలర్లు వచ్చిపడెను. ఆ సొమ్ముతో 1947లోనే 18 మంది విద్యార్థులను పరదేశములకు చదువునకు పంపిరి. వాడిపోవు పువ్వులు విద్యాదానముగా మారెను.

ఆ ప్రవాహము మన గుమ్మమునకును వచ్చినది. 1985లో రోటరీవారు లోకమంతట పోలియోను తుడిచివేయుటకు పూనుకొనిరి. మన ప్రభుత్వము 1995 డిసెంబరు 9న దేశమంతట మొదటి పల్స్ పోలియో దినమును జరిపినప్పుడు వారు తోడు నిలిచిరి. 2011 జనవరి తరువాత మన దేశములో ఆ సహజ వ్యాధి సోకిన బిడ్డ కనబడలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతమునకు పోలియో విముక్తి పత్రము దొరికెను. నర్సమ్మ మన పసిబిడ్డ నోట వేసిన రెండు చుక్కల వెనుక ఊరు పేరు తెలియని అనేకుల చందా ఉన్నది.

ప్రియులారా, ఈ సంవత్సరాంతమున మన స్త్రీల సమాజము, మన యౌవనుల సమాజము చందాలు లెక్కించునప్పుడు కార్టర్ అడిగిన సంగతిని తామును అడుగవలెను. ఈ గది వెలుపలనున్నవానికి మనవలన ఏమి మేలు కలిగినది? ఫోటో తీయించుకొనుటకు ఇచ్చినది మనకే తిరిగి వచ్చును. మిగిలినది ఇచ్చుట సులభము, విధవరాలు లేమిలోనుండి వేసినది. ఊరి చివర ఒంటరిగానున్న ముసలమ్మకు దుప్పటి ఇత్తుము, మంచిదే. ఆమె పేరు మనకు తెలియునా? ఆమె పింఛను కాగితము ఎక్కడ ఆగిపోయినదో అడిగితిమా? జనవరిలో, ఎండలు ముదిరిన మే నెలలో మరల ఆమె గుమ్మము తొక్కుదుమా? ఆసుపత్రికి ఆమెతోకూడ బస్సు ఎక్కువాడు మనలో ఎవడు?

పండుగ దినమున ఒంటరిగా నడచిన ఒక మనుష్యుడు తనవంటివారికి తలుపు తెరచెను. చేరనన్న మరియొకని మాట విని ఆ తలుపును ఇంకను వెడల్పు చేసెను. మన పల్లెలో తలుపు వెలుపల ఎవరున్నారో ఈ క్రిస్మస్ వారములో ఇంటింటికి పోయి చూతము.