జీవకారుణ్యమూర్తి శ్రీ రామలింగస్వామి



ఆలయ జీర్ణోద్ధరణకు ద్రవ్యమిచ్చిన దాతలు, శ్రమనిచ్చిన సేవకులు ఈ కుంభాభిషేక శుభవేళ ధన్యులు. శిఖరంపై కలశం నిలిచిన పిమ్మట దేవాలయం నిత్యం నెరవేర్చవలసిన ధర్మాలలో అన్నదానం ప్రధానమైనది. ఆ అన్నం ఎటువంటిదై ఉండాలి? దానికి అర్హులెవరు? ఈ రెండు ప్రశ్నలకు తమ జీవితాన్నే సమాధానంగా చూపిన మహనీయులు శ్రీ రామలింగస్వామివారు. తమిళులు వారిని వళ్ళలార్ అని, అనగా మహాదాత అని, భక్తితో పిలుచుకుంటారు.

స్వామివారు 1823 అక్టోబరు 5న చిదంబరం సమీపంలోని మరుదూరులో రామయ్య పిళ్ళై, చిన్నమ్మై దంపతులకు ఐదవ సంతానంగా జన్మించారు. పసితనంలోనే తండ్రి గతించగా కుటుంబం చెన్నపట్నం చేరింది. అన్నగారైన సభాపతి చదువు చెప్పించాలని ఎంత ప్రయత్నించినా బాలుని మనస్సు బడిలో నిలువలేదు. చెన్నపట్నంలోని కందకోట్టం సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధియే ఆయనకు పాఠశాల అయింది. చిన్ననాటనే అక్కడ స్వామిపై పాటలు కట్టి పాడారు. బంధువుల ఒత్తిడిపై వివాహం జరిగినా సంసారం ఆయనను బంధించలేకపోయింది.

1854లో వారు మనునీతి చోళుని కథను వచనంగా వెలువరించారు. రథచక్రం క్రింద పడి ఒక లేగదూడ మరణిస్తే, తల్లి ఆవుకు న్యాయం చేయడానికి కన్నకొడుకునే శిక్షించిన రాజు కథ అది. పశువు దుఃఖానికీ మనిషి దుఃఖానికీ తూకంలో తేడా లేదన్న ఈ భావమే వారి తదుపరి జీవితానికి పునాది అయిందని మీరు గ్రహించగలరు. నీరు లేక వాడిన పైరును చూచినా ఆయన హృదయం తల్లడిల్లేది.

1858 ప్రాంతంలో స్వామివారు చెన్నపట్నం విడిచి కరుంగుళి గ్రామంలో నివసించారు. 1865లో కులమత భేదాలకు అతీతమైన సన్మార్గ సంఘాన్ని స్థాపించారు. 1866లో ఒరిస్సాను, మద్రాసు రాజధానిలోని కొన్ని జిల్లాలను ఘోరమైన కరువు పీడించింది. ఆ మరుసటి ఏడాది, 1867 మే 23న, వడలూరులో సత్య ధర్మశాలను ప్రారంభించారు. దానికి స్థలాన్ని ఆ ఊరి రైతులే దానంగా ఇచ్చారు. నాడు రాజేసిన పొయ్యి నేటికీ ఆరలేదు. ఆకలితో వచ్చిన ప్రతివారికీ అక్కడ అన్నం లభిస్తున్నది.

1872 జనవరి 25న అక్కడే అష్టకోణాకృతిలో సత్య జ్ఞాన సభను నెలకొల్పారు. ఏడు తెరల వెనుక జ్యోతి దర్శనమిచ్చే ఆలయమది. జీవహింసను, మాంసభక్షణను విడిచినవారే ఆ సభలోనికి ప్రవేశించాలని నియమించారు.

ఇక్కడ విజ్ఞులైన పాఠకులు ఒక విశేషాన్ని గమనించాలి. సభాద్వారానికి నియమం ఉన్నది. ధర్మశాల ద్వారానికి ఏ నియమమూ లేదు. మాంసం తినేవారికి తమ మార్గంలో ఉపదేశం ఇవ్వరాదని చెప్పిన స్వామివారే, వారికి ఆకలి వేసినప్పుడు అన్నం పెట్టకుండా ఉండరాదని కూడా శాసించారు. ఆకలి సర్వజీవులకూ సమానమైన బాధ గనుక దానిని తీర్చేటప్పుడు ఆచారాన్ని విచారించరాదని వారి సిద్ధాంతం. అయితే ఒక జీవిని చంపి మరొక జీవి ఆకలి తీర్చడం దయ కాజాలదని వారు అంతే దృఢంగా బోధించారు.

మొక్కలకు కూడా ప్రాణమున్నది కదా అని మీరు అడుగవచ్చు. ఈ ప్రశ్నకు స్వామివారు జీవకారుణ్యంపై వ్రాసిన గ్రంథంలో సమాధానమిచ్చారు. గింజలు, పండ్లు, కూరలు గ్రహించడం గోళ్ళు, వెంట్రుకలు తీయడం వంటిదనీ, అందువలన మొక్కకు బాధ కలుగదనీ వారి వాదం. ఈ వాదాన్ని అంగీకరించినా అంగీకరించకపోయినా, తినే ప్రతి ముద్దకూ ధర్మాధర్మ విచారణ అవసరమన్న వారి హెచ్చరికను త్రోసిపుచ్చలేము.

నేటి విజ్ఞానం ఈ విచారణకు మరొక కోణాన్ని జోడించింది. ధాన్యం మేపి పెంచిన పశువు నుండి కిలో మాంసం రావడానికి అనేక కిలోల ధాన్యం వ్యయమవుతుంది. మానవుల వలన వెలువడే హరితగృహ వాయువులలో పశుపోషణ వాటా సుమారు 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. అయినా, పంట పండని మెట్టభూములలో మేకలను మేపుకొనే గొల్లవానినీ, సముద్రమే పొలమైన బెస్తవానినీ ఈ లెక్కలతో నిందించడం న్యాయం కాదు. విస్తరిలో ఎన్నో పదార్థాలు ఎంచుకొనే స్తోమత గలవారిపైనే మొదటి బాధ్యత ఉన్నది.

స్వామివారు చివరి కాలాన్ని మేట్టుకుప్పంలో గడిపారు. 1874 జనవరి 30న తమ గదిలో ప్రవేశించి తలుపులు మూయించారు. కొన్ని నెలల పిమ్మట అధికారులు తెరిపించినపుడు లోపల ఎవరూ లేరని చరిత్రలు చెబుతున్నాయి. వారు జ్యోతిలో లీనమైనారని భక్తుల విశ్వాసం.

మన తెలుగునాట కూడా అదే శతాబ్దంలో జన్మించిన డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చినవారికి సైతం అన్నం పెట్టి అపర అన్నపూర్ణగా కీర్తి పొందారు.

దాతలారా! మన ఆలయ పంక్తిలో వడ్డించే అన్నం ఏ ప్రాణికీ బాధ కలిగించనిదై ఉండాలి. ఆ పంక్తిలో కూర్చున్నవారిని మాత్రం ఇంట ఏమి తింటారని ఎవరూ అడుగరాదు. ఆ వచ్చినవాడు సాత్త్వికాహారం రుచి ఇక్కడే తెలుసుకొని, ఇంట ఒక్కపూట మాంసం మానినా మన వంటశాల ఉపదేశం చేసినట్లే. పొయ్యి ఆరకుండా చూచే భారం మనందరిది. వళ్ళలార్ కృప, స్వామి అనుగ్రహం మీ అందరికీ లభించుగాక!

స్వస్తి.