జిల్లా ఆఫీసుకు నెల జీతం తెచ్చిన దివాన్.. మొదటి సాలార్‌జంగ్ ఏం చేశారు?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం ముందు మీరూ కాసేపు నిలబడే ఉంటారు. దాన్ని 1876లో యూరప్ వెళ్లినప్పుడు కొన్నది మొదటి సాలార్‌జంగ్. అక్కడి మిగతా వస్తువుల్లో చాలావరకు ఆయన మనవడు, మూడో సాలార్‌జంగ్ సేకరించినవి. తాతగారు చేసిన అసలు పని చూడాలంటే మాత్రం మీరు కలెక్టరేట్‌కు వెళ్లాలి. తెలంగాణలో జిల్లా, జిల్లాకో అధికారి, ఆ అధికారికి నెల జీతం అనే ఏర్పాటు ఆయన కాలంలోనే కుదురుకుంది.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టారు. 1853 మేలో మేనమామో మరొకరో కాదు, దివాన్‌గా ఉన్న సొంత పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ చనిపోవడంతో ఆ కుర్చీ ఈయనకు వచ్చింది. అప్పటికి వయసు 24.

ఖజానాలో ఏముంది?

ఏమీ లేదు. సైన్యం ఖర్చు బాకీల కింద నిజాం అప్పుడే బేరార్‌ను బ్రిటిష్ వారి చేతిలో పెట్టారు. మిగిలిన రాజ్యంలో శిస్తు వసూలు చేసేది తాలుక్‌దార్లు. పేరు చూసి ఉద్యోగులనుకోకండి, చాలామంది గుత్తేదార్లే. ప్రభుత్వానికి ఇంత కడతామని ఒప్పుకొని, రైతు దగ్గర దొరికినంత లాగేవాళ్లు. జీతాలు అందని అరబ్బు, రోహిల్లా సైనిక నాయకులు కొన్ని తాలూకాలను తాకట్టుగా పట్టుకుని కూర్చున్నారు.

ఇక లెక్కలు. దఫ్తర్-ఎ-దివానీ, దఫ్తర్-ఎ-మాల్ అనే రెండు పెద్ద కార్యాలయాలు వంశపారంపర్యంగా రెండు కుటుంబాల చేతుల్లో ఉండేవి. ఏ ఊరి నుంచి ఎంత రావాలో తెలియాలంటే దివాన్ అయినా వాళ్లనే అడగాలి.

సాలార్‌జంగ్ వాళ్లను తీసేయలేదు. ఆయన పద్ధతి అంతా ఇందులోనే కనిపిస్తుంది. పాత దఫ్తర్లను, వాటి హోదాలను అలాగే ఉంచి, పక్కనే కొత్త ఖజానా, కొత్త లెక్కల ఆఫీసు పెట్టారు. పని మెల్లగా ఇటు జరిగిపోయింది. గుత్తేదార్లను మాత్రం వీలైన చోటల్లా తప్పించి, జీతం మీద పనిచేసే వాళ్లను వేశారు. బాకీలు తీరుస్తూ తాకట్టు తాలూకాలు విడిపించుకున్నారు. శిస్తు డబ్బు ఖజానాకు రావాలి, జీతం ఖజానా నుంచి పోవాలి. ఈ రోజు మీకు ఇది మామూలు విషయం. అప్పట్లో ఎంతోమంది పొట్ట మీద దెబ్బ. 1859లో ఒకసారి, 1868లో మరోసారి ఆయనపై కాల్పులు జరిగాయి. రెండుసార్లూ బతికిపోయారు.

1865: జిల్లాబందీ

1864లో రెవెన్యూ బోర్డు, మరుసటి ఏడాది జిల్లాబందీ వచ్చాయి. కొన్ని సర్దుబాట్ల తర్వాత 17 జిల్లాలు, వాటిపైన 5 విభాగాలుగా లెక్క తేలింది. ఎలగందల, ఇందూరు అప్పటి జిల్లా పేర్లే. వాటినే తర్వాత మనం కరీంనగర్, నిజామాబాద్ అన్నాం. జిల్లాకు అవ్వల్ తాలుక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్ లాంటి అధికారి. ఆయన కింద రెండో, మూడో తాలుక్‌దార్లు, తాలూకాకు తహసీల్దార్, ఊళ్లో పటేల్, పట్వారీ. పోలీసులకు వేరే వరుస, జిల్లాకో మొహతమీమ్.

ఇన్ని శాఖలు ఒకదాని పని ఇంకొకదానికి తెలియకుండా నడిస్తే ఎలా? 1868లో రెవెన్యూ, న్యాయం, పోలీసు, ఇతర వ్యవహారాలకు నలుగురు సదర్-ఉల్-మహామ్‌లను నియమించారు. నలుగురూ దివాన్‌కే జవాబు చెప్పాలి. ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. అది బలమూ, బలహీనతా కూడా.

ఒక మాట మరిచిపోకూడదు. ఇదంతా దివానీ భూముల వరకే. నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్, పాయిగాలు, జాగీర్లు కలిపి రాజ్యంలో పెద్ద భాగమే. అక్కడ కొత్త జిల్లా అధికారి మాట చెల్లేది కాదు. ఆఫీసు భాష కూడా పర్షియన్. తెలుగు రైతుకు ఆ కాగితం చదివి చెప్పాలంటే మరొకరు కావాలి.

మనుషులు ఎక్కడి నుంచి?

కుర్చీలు తయారయ్యాయి, కూర్చోబెట్టడానికి శిక్షణ ఉన్నవాళ్లు చాల్లేదు. 1870లలో సాలార్‌జంగ్ ఉత్తరాది వైపు చూశారు. లక్నో నుంచి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, బ్రిటిష్ రెవెన్యూ సర్వీసు నుంచి తర్వాత మొహసిన్-ఉల్-ముల్క్, వికార్-ఉల్-ముల్క్‌లుగా పేరుపడిన ఇద్దరు వచ్చారు. మంచి జీతం, పెద్ద బాధ్యత. అందుకే నిలిచారు, పని చేశారు.

కానీ ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లకు ఇది నచ్చుతుందా? పై ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్న కోపం అప్పుడే మొదలైంది. అవసరం నిజమే, స్థానికులను అంతే వేగంగా తయారు చేయకపోవడం మాత్రం ఆయన లెక్కలో పెద్ద లోటు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో ఆయన హఠాత్తుగా పోయాక ఆ అధికారులకు అండ తగ్గింది. దర్బారు రాజకీయాల్లో చిక్కుకుని పదేళ్లు తిరిగేసరికి మొహసిన్, వికార్ ఇద్దరూ హైదరాబాద్ వదిలారు. కోపం మాత్రం మిగిలింది. 1919 నాటి ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం.. వాటి వేళ్లు వెతికితే ఈ నియామకాల దగ్గరికే వస్తాం.

ఆయన పక్కకు జరిపిన ఆ రెండు పాత దఫ్తర్ల కాగితాలు ఇప్పుడు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.