పతకాన్ని కాదనుకున్న ఆంద్రే

మంచుగడ్డపై సంగీతానికి తగినట్లు జారుతూ నాట్యం చేసే స్కేటింగ్ ఆటను మేము టీవీలోనే చూశాం. ఆ ఆటలో ఫ్రాన్సు దేశానికి చెందిన ఆంద్రే జోలీ పేరు చాలా గొప్పది. ఆమె 1901లో జన్మించారు. పియర్ బ్రూనేతో జంటగా 1924 శీతాకాల ఒలింపిక్స్‌లో కాంస్యం, 1928లోనూ 1932లోనూ స్వర్ణం గెలిచారు. నాలుగుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. 1929లో వారిద్దరికీ వివాహమైంది.

ఆ రోజుల్లో స్కేటింగ్‌లో స్త్రీలు తెల్లదుస్తులు ధరించడం ఆనవాయితీ. ఆంద్రే మాత్రం పియర్‌కు జతగా నల్లదుస్తులు వేసుకుని వచ్చారు. రోజూ అందరం ఒకే రంగు యూనిఫారం వేసుకునే మాకు ఇందులో వింతేముందో మొదట అర్థం కాలేదు!

1936 ఒలింపిక్స్ హిట్లర్ ఏలుతున్న జర్మనీలో జరిగాయి. వెళితే మూడో స్వర్ణం దక్కే అవకాశముంది. అప్పటికే ఆమెకు 34 ఏళ్లు, మరో నాలుగేళ్లు ఆగే వయసు కాదు. అయినా నాజీలకు నిరసనగా ఆ దంపతులు వెళ్లలేదు. ఆ స్వర్ణం జర్మనీ జంటకే పోయింది.

తరువాత అమెరికాలో స్థిరపడి శిక్షకులయ్యారు. 1948లో కారు ప్రమాదంలో కన్నకొడుకును పోగొట్టుకున్నారు. 1960లో పియర్ శిష్యురాలు కెరోల్ హైస్ ఒలింపిక్ స్వర్ణం సాధించింది. ఆంద్రే 1993లో కన్నుమూశారు.