సినిమా కోసం దాదాపు 20 ఏళ్లు ఎదురుచూశారు.. చూడకుండానే వెళ్లిపోయారు! '42' సృష్టికర్త కథ ఇదీ

42.. ఈ అంకె వినగానే సైన్స్ ఫిక్షన్ అభిమానులు నవ్వేస్తారు. విశ్వం గురించిన అంతిమ ప్రశ్నకు ఓ కంప్యూటర్ 75 లక్షల ఏళ్లు లెక్కలు కట్టి చెప్పిన జవాబు అది. అసలు ప్రశ్న ఏంటో మాత్రం ఎవరికీ తెలియదు! ఈ చమత్కారం బ్రిటిష్ రచయిత డగ్లస్ ఆడమ్స్‌ది.

1952 మార్చి 11న కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఆడమ్స్ అక్కడి సెయింట్ జాన్స్ కాలేజీలోనే చదివారు. 1971లో లిఫ్ట్ అడుగుతూ యూరప్ తిరుగుతున్నప్పుడు, ఆస్ట్రియాలో ఓ రాత్రి పొలంలో పడుకుని నక్షత్రాలు చూస్తుంటే 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ' ఆలోచన వచ్చిందని చెప్పుకునేవారు. అంతరిక్షంలో బైపాస్ రోడ్డు కోసం భూమినే కూల్చేస్తారు. బతికి బయటపడ్డ ఆర్థర్ డెంట్ అనే మామూలు మనిషి పాట్లే కథ.

ఇది మొదట పుస్తకం కాదు. 1978 మార్చి 8న బీబీసీ రేడియోలో మొదలైన నాటిక. 1979లో నవల అయింది. 1981లో టీవీకి, 1984లో కంప్యూటర్ గేమ్‌గా వచ్చింది. విశేషం ఏంటంటే, మాధ్యమం మారిన ప్రతిసారీ ఆడమ్స్ కథనూ మార్చేశారు. ఒకదానితో ఒకటి పొసగదు. అందుకే ఏది అసలైనదన్న వాదన అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు.

సీక్వెల్స్ మాత్రం ఆయనకు చుక్కలు చూపించాయి. మూడో పుస్తకానికి 'డాక్టర్ హూ' సీరియల్ కోసం అనుకుని పక్కనపెట్టిన కథను వాడుకున్నారు. అందులో లార్డ్స్ మైదానంలోకి రోబోలు దూసుకొచ్చి యాషెస్ ఎత్తుకుపోతాయి! నాలుగో పుస్తకం ఎంతకీ తెమలకపోవడంతో ఢిల్లీలో పుట్టిన ఎడిటర్ సోనీ మెహతా హోటల్‌లో మకాం వేసి, పక్కనే ఉండి రాయించారు. 1992లో వచ్చిన ఐదో పుస్తకం విషాదంతో ముగిసింది. అభిమానులు గొల్లుమన్నారు. ఆ ముగింపు మరీ చీకటిగా ఉందని తర్వాత ఆయనకూ అనిపించింది. ఆరో పుస్తకంతో సరిచేయాలనుకున్నారు.

మరోవైపు సినిమా. 1980ల మొదట్లోనే హాలీవుడ్‌లో చర్చలు మొదలైనా పట్టాలెక్కలేదు. దానికోసమే 1999లో కుటుంబంతో కాలిఫోర్నియా వెళ్లారు. 2001 మే 11న జిమ్‌లో గుండెపోటు. వయసు 49 ఏళ్లే. అటు సినిమా, ఇటు ఆరో పుస్తకం.. రెండూ మిగిలిపోయాయి.

ఆ పని వేరేవాళ్లు పూర్తి చేశారు. 2005లో సినిమా వచ్చింది. స్క్రిప్ట్‌ను మరో రచయిత పూర్తి చేసినా, అందులోని కొన్ని కొత్త పాత్రలు ఆడమ్స్ సృష్టించినవే. అదే ఏడాది చివరి పుస్తకాన్ని రేడియో నాటికగా మలిచినవాళ్లు ముగింపును సంతోషంగా మార్చారు. 2009లో ఆయన భార్య అనుమతితో ఓయిన్ కోల్ఫర్ ఆరో పుస్తకం రాశారు. అందులో పాత్రలు మళ్లీ బతికి బయటపడతాయి. అసలు కథలో లేని మార్పులని వీటిని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. కానీ తన కథను అందరికంటే ఎక్కువసార్లు మార్చింది ఆడమ్సే కదా!

ఇంకో విషయం. ఎన్ని జన్మలెత్తినా ప్రతిసారీ ఆర్థర్ చేతిలోనే చచ్చిపోయే పాత్ర ఒకటి మూడో పుస్తకంలో ఉంది. పేరు అగ్రజాగ్. 2004 రేడియో నాటికలో ఆ పాత్రకు ఆడమ్స్ పాత రికార్డింగ్‌నే వాడారు. అలా చనిపోయిన మూడేళ్లకు ఆయన గొంతు మళ్లీ వినిపించింది.. చావు గురించి గొడవపడుతూ!