పసుపులేటి కన్నాంబ

తెలుగు నాటకరంగంలో స్త్రీపాత్రలను ఎక్కువగా పురుషులే ధరిస్తున్న కాలమది. స్థానం నరసింహారావు వంటి మహానటులు ఆ పాత్రలలో ప్రేక్షకులను సమ్మోహితులను చేస్తున్న రోజులలో వేదికనెక్కిన బాలిక కన్నాంబ.

ఆమె కడపలో వెంకటనరసయ్య, లోకాంబ దంపతులకు జన్మించింది. ఏకైక సంతానమైనా ఆమె బాల్యం తల్లి చెంత గడవలేదు. కొల్లేటికి చేరువనున్న ఏలూరులో మాతామహుల ఇంట పెరిగింది. తాత నాదముని నాయుడు వైద్యుడు. అమ్మమ్మ ప్రోత్సాహంతో సంగీతం అభ్యసించింది. పదమూడేళ్లకే నటన ప్రారంభించింది.

ఏలూరులో ఒకనాడు హరిశ్చంద్ర నాటకం జరుగుతున్నది. పాముకాటుకు మరణించిన లోహితాస్యునిపై పడి చంద్రమతి విలపించే ఘట్టం వచ్చింది. పాత్రధారి శోకం సభను కదిలించలేదు, పరిహాసాలు చెలరేగాయి. అప్పుడు ప్రేక్షకులలో నుండి కన్నాంబ లేచి, వేదికనెక్కి, ఆ తల్లి దుఃఖాన్ని తానే అభినయించిందని చెప్పుకొంటారు. ఈ కథలో కల్పన ఎంతో గాని, చంద్రమతి పాత్ర మాత్రం ఆమెను విడువలేదు. 1935లో పి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన 'హరిశ్చంద్ర' చిత్రంలో చంద్రమతి ఆమే.

తరువాత భర్త కడారు నాగభూషణంతో కలిసి చిత్రాలు నిర్మించింది. 1942లో తమిళ 'కణ్ణగి'గా, 1947లో 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మగా రాణించింది. 1954లో వచ్చిన 'మనోహర'లో శివాజీ గణేశన్‌కు తల్లి ఆమె. మహావీరుడైన కుమారుని ఆగ్రహాన్ని ఒక్కమాటతో బంధించి, చివరకు ఒక్కమాటతోనే విడుదల చేసే తల్లి పాత్ర అది. అటువంటి మాతృపాత్రలెన్నింటినో పోషించి, 1964 మే 7న కన్నుమూసింది.